ఒక్కదాని ఫోటో

ఓడలో ఫోటోగ్రాఫర్లు తీసే ఫోటోలు కొనడం శుద్ధ దండుగ అంటుంది మా యారాలు, మరిది పెళ్ళాం పూనమ్. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఈ మాట నాందేడ్‌లో మా గల్లీ అంతా చెప్పింది. ఫోన్లో వంద తీసుకోవచ్చు, అదే మొహం, అదే సముద్రం, ఒక్కోదానికి పదిహేను వందలు ఎందుకు పొయ్యాలని ఆమె వాదం. వాదంలో తప్పేమీ లేదు. నేను మాత్రం ఒకటి కొన్నాను. కొన్నందుకు ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

నా పేరు లీలాబాయి, నలభై ఎనిమిదేళ్ళు. నవా మోంఢా మార్కెట్‌లో మాకు విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణం ఉంది. మా ఆయన అంబాదాస్ నడిపేవాడు. పదకొండేళ్ళ కింద ఒక జూన్ నెలలో, గిరాకీ జోరు మీదున్న రోజున, కౌంటర్ దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. మాకు పిల్లలు లేరు. లైసెన్సు భార్య పేరు మీదికి మార్చడమే సులువని ఎవరో చెబితే అది నా పేరు మీదికి వచ్చింది, దుకాణం మరిది దేవిదాస్ చేతికి వెళ్ళింది. అప్పటినుంచి నేను ప్రొప్రైటర్‌ని. భోజనాలయ్యాక దేవిదాస్ కాగితాలు తెచ్చి ముందు పెడతాడు, సంతకం చేస్తాను. దేనికని అడగను. అడిగితే చెబుతాడు, మంచివాడే. నాకు మందులు, చీరలు, ఏకాదశికి సాబుదానా, అన్నీ అడగకముందే వస్తాయి. అన్నీ అడగకముందే వచ్చే ఇంట్లో మనిషికి నోటితో పనేముంది? అలా అలా నా నోరు మూతబడింది.

నిరుడు ఒక విత్తనాల కంపెనీ డీలర్లకు స్కీము పెట్టింది. పత్తి, సోయాబీన్ సంచులు చెప్పినన్ని అమ్మితే ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ మీదుగా నాలుగు రోజుల ఓడ ప్రయాణం, మనుషులు ఇద్దరు. దేవిదాస్ పట్టుబట్టి అమ్మాడు. కిన్వట్ అడవి పల్లెల దాకా టెంపో వేసుకుని తిరిగాడు. పూనమ్ రెండు కొత్త డ్రెస్సులు కుట్టించుకుంది, ఎండ టోపీ ఒకటి కొంది. తీరా చూస్తే కంపెనీ ఆఫీసరు రోషన్ ఫోన్ చేసి, టికెట్ ప్రొప్రైటర్ పేరు మీదే వస్తుందని, ఆధార్‌తో సరిపోవాలని, ప్రొప్రైటర్ రాకపోతే రెండు సీట్లూ పోతాయని చెప్పాడు.

ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. వదినా మరుదులు ఒక గదిలో ఉండే ప్రయాణం ఎక్కడైనా కుదురుతుందా? చివరికి నాతో పూనమ్ వెళ్ళాలని తేలింది. సంచులు మోసింది దేవిదాస్, ఓడ ఎక్కింది నేను. మొగుడితో తిరగాల్సిన చోటికి మొగుడు పోయిన యారాలిని వెంటేసుకుని వెళ్ళాల్సి వచ్చింది పూనమ్‌కు. ఆమె మొహం మాడిందంటే తప్పు పట్టను. నాకైనా మాడేది.

తపోవన్ రైల్లో పగలంతా కూర్చుని ముంబై చేరాం. మా జిల్లా డీలర్లు పద్నాలుగు జంటలు, వాళ్ళతో పాటు మేమిద్దరం. మర్నాడు ఓడ ఎక్కే చోట తాళ్ళు కట్టి ఒక దారి చేశారు. దారి చివర ఓడ బొమ్మ వేసిన తెర. అక్కడ నిలబెట్టి ఎక్కేవాళ్ళందరికీ ఫోటో తీస్తున్నారు. నేను అలవాటు ప్రకారం పూనమ్ సంచీ, నా సంచీ పట్టుకుని పక్కకు జరిగాను.

పెళ్ళిళ్ళలో నాకదే పని. ఫోటోకు అందరూ రండి అని పిలుపు రాగానే ఎవరో ఒకరు పర్సు, చంటిపిల్లను, మొబైలును నా చేతిలో పెట్టి వెళతారు. వాళ్ళు అడిగేలోపే నేను చెయ్యి చాపుతాను. శుభకార్యాల ఫోటోల్లో నువ్వుండకు అని నాతో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. అనిపించుకోకుండా తప్పుకోవడం నేర్చుకున్నాను, అంతే. పదకొండేళ్ళ మా ఇంటి ఫోటోలు తిరగేస్తే ఒకదాంట్లో నా మోచెయ్యి, ఇంకోదాంట్లో నా కొంగు దొరుకుతాయి.

కెమెరా పట్టుకున్నది ముప్పై ఏళ్ళ ఆడమనిషి. జేబు మీద సాక్షి అని పేరు రాసి ఉంది, మాటను బట్టి కొంకణ్ రత్నగిరి వైపు మనిషి. సంచులు కింద పెట్టి రమ్మని నాకు మరాఠీలో చెప్పింది, "తాయీ" అని పిలిచింది. ఊళ్ళో అందరికీ నేను కాకూని, అంటే పిన్నిని, నన్ను అక్కా అని పిలిచే బయటి మనిషిని చూసి ఎన్నేళ్ళయిందో. వద్దన్నాను. వెనక జనం ఆగిపోయారు. ఆమె వచ్చి నా చేతిలోంచి సంచులు తీసుకుని తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఆ ఫోటోలో నేను పోలీసు ఠాణాలో నిలబడ్డట్టు ఉన్నానని తరువాత ఓడలో గోడకు తగిలించినప్పుడు చూశాను.

ఓడలో మొదటి రోజే పూనమ్ మిగతా డీలర్ల భార్యలతో కలిసిపోయింది. అందరూ ఇంచుమించు ఆమె ఈడువాళ్ళు. ఈత కొలను చుట్టూ, డ్యాన్సులు పెట్టే హాల్లో, భోజనాల బల్లల దగ్గర అంతా జంటలే. నేను వెళితే మర్యాదగా జరిగి చోటిచ్చేవాళ్ళు, మాటలు ఆపేవాళ్ళు, ఆ తరువాత నా మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగేవాళ్ళు. నాకు మోకాళ్ళ నొప్పులు లేవు. వాళ్ళ సరదా చెడగొట్టడం ఎందుకని పై డెక్ మీద ఒక కుర్చీ చూసుకుని కూర్చునేదాన్ని.

సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి. చూడగానే అబ్బ ఎంతుందో అని ఎవరితోనైనా అనాలనిపించింది. పక్కకు తిరిగితే ఖాళీ కుర్చీలు. లోపలే అనుకున్నాను. అలాంటి మాటలు లోపల అనుకుంటే సరిపోవు, చెవిన వేసుకునే మనిషి ఉండాలి. అంబాదాస్ పోయినప్పుడు ఏడ్చినంతగా మళ్ళీ ఏడవలేదు గానీ, ఆ డెక్ మీద, అంత వెలుతురులో, నేను ఒక్కదాన్నే అని నాకు బాగా తెలిసొచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం సాక్షి అటుగా వచ్చి పలకరించింది. నాందేడ్ నుంచని చెప్పాను. మీ ఊరి మగవాళ్ళంతా ఆధార్ సెంటర్‌లో కూర్చున్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడతారేం తాయీ అని అడిగింది. అప్పుడే ముఖేడ్ డీలరు ఒకాయన రెయిలింగ్ దగ్గర సరిగ్గా అలాగే బిగుసుకుని నిలబడ్డాడు. ఆయన భార్య ఫోన్ పట్టుకుని సిద్ధమయ్యేలోగా గాలి ఒక్కసారి లేచి ఆయన తెల్లటోపీ ఎత్తుకుపోయింది. టోపీ పోయి నీళ్ళలో పడింది. ఆయన కదల్లేదు. తప్పిపోయిన బస్సు వెనక్కి వస్తుందేమోనన్నట్టు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూనే నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. కొంగు జారింది, ముడి విడిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కుర్చీ చెయ్యి పట్టుకుని నవ్వాను. సాక్షి కెమెరా ఎత్తడం నేను చూడలేదు.

ఆరో అంతస్తులో పొడుగాటి వసారా ఉంది. తీసిన ఫోటోలన్నీ అక్కడి గోడలకు వరసలుగా తగిలిస్తారు. ఓడంతా పొద్దూమాపూ అక్కడ తమ మొహాలు వెతుక్కుంటూ తిరుగుతుంది. నచ్చింది తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళి డబ్బు కట్టాలి, ఒక్కోటి పదిహేను వందలు. మా డీలర్లకు ఆ ధర మింగుడుపడలేదు. ఇప్పుడే కొంటే మోసపోతాం, చివరి రోజు వాళ్ళే దిగొస్తారు, సంత ముగిసే వేళకు టమాటా దిగిరాదా అని కూడబలుక్కుని ఎవరూ కొనకుండా కూర్చున్నారు. పూనమ్ అంతకన్నా తెలివైనది. గోడ మీది తన ఫోటోలకు దొంగచాటుగా తన ఫోన్‌తో ఫోటోలు తీసింది. ప్రతిదాంట్లోనూ ఆమె మొహం మీద ట్యూబ్‌లైటు వెలుగు పడింది. అయినా ముప్పై రెండు ఫోటోలు ఉత్త పుణ్యానికి వచ్చాయని భోజనాల దగ్గర అందరికీ చూపించింది.

మూడో రోజు పొద్దున నేను కూడా ఆ వసారాలోకి వెళ్ళాను. ఒక ఫోటో ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. ఎవరో ఆడమనిషి నవ్వుతోంది, ఎంత హాయిగా నవ్వుతోందీ అనుకున్నాను. మూడోసారి ఆమె కట్టిన వంకాయరంగు చీర చూశాను. అది నా చీర. అప్పుడు చేతి గాజులు చూశాను, కుర్చీ చూశాను, అన్నిటికన్నా ఆఖరున మొహం చూశాను. నేనే. నా మొహాన్ని నేను చీరను బట్టి పోల్చుకున్నాను. అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఫోటోలో పక్కన ఎవరూ లేరు, ఎవరి భుజం అడ్డం రాలేదు, ఎవరి సంచీ నా చేతిలో లేదు. వెనక సముద్రం, ముందు నేను. ఈ మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడుందని నాకు దుఃఖం వచ్చింది. అది నాకు కావాలనుకున్నాను. ఏ వస్తువైనా నాకు కావాలని అనుకుని ఎన్నో ఏళ్ళయింది.

బల్ల దగ్గర సాక్షి ఉంది. కొనని ఫోటోలు ఏం చేస్తారని అడిగాను. ఈ సాయంత్రం ఆరు దాటాక అన్నీ దించి మిషన్లో వేసి చించేస్తామని, తక్కువ ధరకు ఇవ్వడం ఎప్పుడూ ఉండదని మామూలుగా చెప్పింది. మా డీలర్ల తెలివి అక్కడే తేలిపోయింది. జాకెట్‌లో దాచుకున్న నోట్లు తీయబోతే ఓడలో నోట్లు చెల్లవట, గది కార్డే గీయాలట. కార్డులు రెండూ పూనమ్ దగ్గర ఉన్నాయి. డబ్బు కట్టి వాటిని తీసుకున్నది ఆమె.

పూనమ్ కొలను దగ్గర కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. దగ్గరికి వెళ్ళడానికి నాకు అరగంట పట్టింది. దూరమని కాదు, మాట కూడదీసుకోవడానికి. కార్డు కావాలన్నాను. ఎందుకని అడిగింది. ఫోటో కొనడానికన్నాను.

"ఎవలది?" అంది.

"నాదే."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. చూపులో చెడు లేదు, నిజంగానే అర్థం కాలేదు.

"నీ ఒక్కదానిదా? తీస్కపోయి ఎవలకు సూపిస్తవక్కా?"

ఆ మాటకు కోపమొచ్చి, కార్డు ఇస్తావా ఇవ్వవా అన్నాను. నా గొంతు అంత గట్టిగా రావడం విని పక్కన కూర్చున్న ఆడవాళ్ళు తల తిప్పారు. పూనమ్ పర్సు తెరిచి కార్డు ఇచ్చింది. బల్ల దగ్గర సాక్షి కార్డు గీసి, ఫోటోను అట్ట మడతలో పెట్టి ఇస్తూ బాగా వచ్చారు తాయీ అంది, ఆ వెంటనే నా వెనకవాళ్ళతో మాటల్లో పడిపోయింది. తిరుగు రైల్లో ఆ అట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యమధ్యలో తెరిచి చూసుకున్నాను.

ఇంటికొచ్చాక అసలు తంటా మొదలైంది. దాన్ని ఎక్కడ పెట్టాలి? నా గదిలో గోడకు అంబాదాస్ పటం ఉంది, దండ వేసి. ఆయన పక్కన నేను అంత నవ్వుతూ ఉంటే బాగుండదని నాకే అనిపించింది. హాల్లో పెడదామా అంటే పూనమ్ పెట్టుకో అక్కా అంది, ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పలేదు. ఆమె కూతురు సాయలి ఫోటో చూసి, "మస్తుంది పెద్దమ్మా" అని ఫోన్లో తల పెట్టేసింది. ఎనిమిది రోజులు ఆ అట్ట మడత ఫ్రిజ్ మీద పడి ఉంది. దాని మీద కూరగాయల సంచి పెట్టారు, తరువాత కరెంటు బిల్లు పెట్టారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఔననలేదు. నన్నూ అంతే కదా, పదకొండేళ్ళుగా ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు.

తొమ్మిదో రోజు దేవిదాస్ దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

"దుకాన్ల పెడ్దాం వదినా. ప్రొప్రైటర్‌వి నువ్వే గద" అన్నాడు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. వజీరాబాద్ బజారులో ఫ్రేము కట్టించి తెచ్చాడు. దుకాణం గోడకు తగిలించానని ఆ సాయంత్రం చెప్పాడు. నేను దుకాణంలో అడుగుపెట్టి అప్పటికి నాలుగేళ్ళయింది. దీపావళి లక్ష్మీపూజకు కూడా ఇంట్లోనే ఉంటాను. అయితేనేం, నేను వెళ్ళకపోయినా నా ఫోటో వెళ్ళింది. ముద్ఖేడ్ నుంచో కిన్వట్ నుంచో వచ్చిన రైతు కౌంటర్ ముందు నిలబడి తల ఎత్తితే ఎదురుగా నేను కనిపిస్తాను. నా నవ్వు అతను చూస్తాడు. ఈ దుకాణం ఈమెదా అనుకుంటాడు. వంటింట్లో కూర తరుగుతూ, మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ అదే తలుచుకునేదాన్ని. ఒంటరితనం పోయిందని అనను. కానీ ఊళ్ళో ఎక్కడో ఒకచోట నన్ను నలుగురు చూస్తున్నారన్న ఊహ పగటిపూట నాకు తోడుగా ఉండేది.

దేవిదాస్ భోజనానికి కూర్చోగానే ఫోటో గురించి ఎవరైనా అడిగారా అని అడిగేదాన్ని. అడుగుతారు అనేవాడు. ఏమంటారు అంటే మంచిగుందంటారు అని పప్పు కలుపుకునేవాడు. నాకు ఆ ఒక్క ముక్క సరిపోయేది.

అలా నెల గడిచాక కృషి ఖాతా వాళ్ళు, అంటే వ్యవసాయ శాఖవాళ్ళు, తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ మనిషి ఎదురుగా ఉండాలట. పదకొండు గంటలకు ఆటోలో రమ్మని దేవిదాస్ ముందు రోజే చెప్పాడు. నేను తొమ్మిదింటికే బయలుదేరాను. అధికారి కోసం కాదు, నన్ను నేను చూసుకోవడానికి. అదే వంకాయరంగు చీర కట్టుకున్నాను. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఎవరైనా ఫోటోనూ నన్నూ పోల్చి చూస్తారేమోనని ఆశ.

దుకాణం అప్పుడే తెరిచారు. దేవిదాస్ నాకు వీపు పెట్టి నిలబడి పొద్దుటి పూజ చేస్తున్నాడు. గోడకు పటాలు వరసగా ఉన్నాయి. వెంకటేశ్వరుడు, లక్ష్మి, మా మామగారు, అంబాదాస్, చివరన నేను. దేవిదాస్ ఉంగరపు వేలితో కుంకుమ తీసి ఒక్కొక్క అద్దం మీద బొట్టు పెడుతూ వస్తున్నాడు. దేవుళ్ళకు పెట్టాడు, వాళ్ళ నాన్నకు పెట్టాడు, అన్నకు పెట్టాడు, ఆగకుండా నాకూ పెట్టాడు. తరువాత ఊదుబత్తి వెలిగించి అదే వరసలో తిప్పుకుంటూ వచ్చి నా ముందు మూడుసార్లు తిప్పి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు.

గడప మీదే నిలబడిపోయాను. కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చేతిలో ఊదుబత్తి అలాగే ఉంది.

"వదినా, పదకొండింటికి గద రమ్మన్న" అన్నాడు.

"రోజూ పెడుతున్నవా?"

ఊదుబత్తిని పటాల ముందు గుచ్చాడు.

"మొదటి దినం అలవాటు మీద చెయ్యి గట్లనే పోయింది. పెట్టినంక సమజైంది. ఒక దినం పెట్టి, తెల్లారి పెట్టకుంటే మంచిగుండదని..."

"ఫోటో సూసి అడుగుతరంటివి గద. ఏమని అడుగుతరు?"

అతను నేల చూపులు చూశాడు.

"ఎప్పుడు పోయిందని అడుగుతరు."

"నువ్వేమంటవు?"

"ముందుగాల లేదు లేదు, ఉన్నదని చెప్పిన. దినాం పది మందికి ఏమని చెప్తం వదినా? తర్వాత ఊకున్న."

నాకు కోపం వచ్చింది. ఊదుబత్తి లాగి అవతల పారేసేంత కోపం. నెల రోజులు నా నవ్వు చూస్తున్నారని మురిసిపోయానే, వాళ్ళంతా చచ్చిపోయినదాన్ని చూసి అయ్యో అనుకుని పోయారు. దేవిదాస్‌ను తిడదామని దగ్గరికి వెళ్ళాను. వెళ్ళి పటం చూశాను.

రోజూ పెట్టిన బొట్టు మీదే బొట్టు పడి అద్దం మీద కుంకుమ పొర గట్టింది. సరిగ్గా కనుబొమల నడుమ పడింది. ఫోటోలో నేను ఆ బొట్టుతో నవ్వుతున్నాను. మొహం నిండుగా ఉంది. పదకొండేళ్ళ కింద పదో రోజున మా వాళ్ళే నన్ను పీట మీద కూర్చోబెట్టి తడిగుడ్డతో నా నుదురు తుడిచారు. ఆ తరువాత ఏ పేరంటంలోనూ ఎవరి వేలూ నా నుదుటి దాకా రాలేదు. కుంకుమ భరిణె నా ముందుకు వచ్చేసరికి పక్కకు తిరిగిపోయేది. దేవిదాస్ కూడా నా ఎదురుగా ఎప్పటికీ ఆ పని చేయలేడు. పటమైతే పెట్టాడు. గోడ మీదికి ఎక్కిన ఆడదానికి కుంకుమ ఉంది, గడప మీద నిలబడ్డ ఆడదానికి లేదు. నాకు ఏడుపొచ్చింది. సంచుల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. దేవిదాస్ నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి దూరంగా నిలబడ్డాడు.

అధికారి పదకొండు దాటాక వచ్చాడు. సంచుల లెక్క చూశాడు, రిజిస్టర్లు తిరగేశాడు, గోడకున్న లైసెన్సులో పేరు చదివాడు. పటాల వైపు తిరిగి, ఊదుబత్తి బూడిద చూసి, పటం అడుగున ఫ్రేము కట్టినవాడు రాసిన నా పేరు చూసి మొహం గంభీరం చేసుకున్నాడు. లైసెన్సుదారు చనిపోయి ఎన్నాళ్ళయింది, ఆఫీసుకు ఎందుకు తెలియజేయలేదని దేవిదాస్‌ను మరాఠీలో గద్దించాడు.

సంచుల మీదినుంచి లేచి, నేనే లీలాబాయిని అన్నాను. ఆధార్ అడిగాడు, ఇచ్చాను. ఆధార్‌లో ఉన్న మొహమూ నా మొహమూ చక్కగా సరిపోయాయి, రెండింట్లోనూ జీవం లేదు కదా. కార్డు తిరిగిస్తూ మరి ఆ ఫోటోలో ఉన్నది ఎవరని అడిగాడు.

"అది గూడ నేనే" అన్నాను.

అతను నోటు నకిలీదేమోనని చూసినట్టు ఫోటోను, నన్ను, మళ్ళీ ఫోటోను చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. రిజిస్టరులో లైసెన్సుదారు హాజరు అని రాసి, నా సంతకం తీసుకుని, చాయ్ వద్దని వెళ్ళిపోయాడు.

దుకాణంలో మేమిద్దరమే మిగిలాం. గిరాకీ లేని రోజులు, బయట ఎండ. ఇంటికి వెళ్ళాలని లేదు, ఉండడానికీ అక్కడ నాకు కుర్చీ లేదు. దేవిదాస్‌ను పిలిచాను.

"రేపటి సంది నాకు ఊదుబత్తి పెట్టకు."

"పెట్ట వదినా" అన్నాడు. గ్లాసులో మిగిలిన నీళ్ళతో గుడ్డ తడిపి పటం దగ్గరికి వెళ్ళాడు. "గీ బొట్టు గూడ తుడిచేస్త."

"తుడవకు. కుంకుమ దినాం పెట్టు."

దేవిదాస్ చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూడలేక పటం వైపు చూశాడు, అటూ చూడలేక గుడ్డ మడిచి కౌంటర్ కింద పెట్టాడు. సరేనని, బయటికి వెళ్ళి నాకు ఆటో పిలిచాడు.